యంత్రము పేక కలుపు విధము

ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడు ఆటలను, అవి నైపుణ్యముపై ఆధారపడినవైనను అదృష్టముపై ఆధారపడినవైనను ఒకే గాట కట్టి నిషేధించిన చట్టమునకు 2025 ఆగస్టు 22వ తేదీన రాష్ట్రపతి ఆమోదము లభించినది. నాటినుండి ఫోనులో పేకముక్క వంటిది కనబడినంతనే తల్లిదండ్రులు ఉలికిపడుచున్నట్లు నాకు వచ్చు ఉత్తరములవలన తెలియుచున్నది. చిత్తూరు నుండి ఒక పాఠకుడు, తన కుమారుడు ‘స్లే ద స్పైర్’ అను ముక్కలాటలో రాత్రులు గడపుచున్నాడని చెప్పి ఇట్లు వ్రాసినారు: “మావాడు దుడ్లు పెట్టడం లేదు, సరే. కానీ ముక్కలు కలిపేదీ అదే, పంచేదీ అదే, ఎదురుగా కూర్చొని ఆడేదీ అదే. అది నిజంగా కలపతా ఉందా, లేక కలిపినట్టు నటిస్తా ఉందా?”

చట్టపు మాట ఒక్క వాక్యములో తేలిపోవును. ఆట కొనుటకు ఒకమారు వెల చెల్లించి, గెలుపునకు ప్రతిఫలముగా ధనము నాశింపక ఆడు ఆట ఆ నిషేధమునకు లోబడదు. రెండవ ప్రశ్న మాత్రము నన్ను నిద్రపోనీయలేదు.

ముందుగా ఆట స్వరూపము. 1980 ప్రాంతమున అమెరికాలో విద్యార్థులు వ్రాసిన ‘రోగ్’ అను ఆటలో నేలమాళిగ ప్రతిసారియు క్రొత్తగా ఏర్పడును. చచ్చితిమా, మొదటినుండి ఆరంభింపవలసినదే. 2008లో డోనాల్డ్ వక్కారినో రూపొందించిన ‘డొమినియన్’ అను బల్లపై ఆడు ఆటలో, ఆడువాడు సిద్ధముగానున్న కట్టతో కాక, ఆడుచునే తన కట్టను తాను కూర్చుకొనును. ఈ రెంటిని కలిపిన ఆటలలో ప్రసిద్ధికెక్కినది సియాటిల్‌లోని మెగాక్రిట్ సంస్థాపకులైన ఆంథొనీ జియోవన్నెట్టి, కేసీ యానో అనువారు నిర్మించి, 2017లో అసంపూర్ణరూపమునను 2019 జనవరిలో సంపూర్ణరూపమునను విడుదల చేసిన స్లే ద స్పైర్. ఇందు మొదటి వీరునికి పది ముక్కలుండును: కొట్టునవి అయిదు, కాచుకొనునవి నాలుగు, శత్రువును కొట్టి బలహీనపఱచునది ఒకటి. ప్రతి వంతునకు అయిదు ముక్కలు చేతికి వచ్చును. ఆడినవియు మిగిలినవియు పారవేత కట్టలో పడును. తీయు కట్ట అయిపోగానే పారవేత కట్టను కలిపి మరల తీయు కట్టగా పెట్టుదురు. పోరు గెలిచిన ప్రతిసారియు మూడు క్రొత్త ముక్కలు చూపి, ఒకటి తీసికొందువా అని యంత్రము అడుగును. ఇంతకంటె నియమములను గూర్చి చెప్పుట అనవసరము.

ఈ ఆట యొక్క అసలు బలమెల్ల, తీసిన ముక్క కట్ట తిరిగి కలుపువఱకు మరల రాదను ఒక్క విషయమున ఇమిడియున్నది. వైకుంఠ ఏకాదశి జాగరణనాడు పరమపదసోపాన పటము పఱచి పాచిక వేయువానికి, ఆరుమార్లు వేసినను ఒక్క ఆరును పడకపోవు అవకాశము నూటికి ముప్పదిమూడు పాళ్లకు మించియుండును. అట్లు ఆరుమార్లును విఫలుడైన పిదప ఏడవమారు ఆరు పడు అవకాశము మొదట ఎంతయో అప్పుడును అంతియే. పాచిక తన గతమును ఎఱుగదు. పదిముక్కల కట్ట సంగతి వేరు: మనకు కావలసిన ఒక్క ముక్క మొదటి వంతున వచ్చు అవకాశము సగము, రాలేదా, రెండవ వంతున వచ్చుట నిశ్చయము. అదృష్టమునకు ఇక్కడ హద్దు గీయబడినది. ఆలస్యము చేయగలదు గాని ఎగవేయజాలదు.

ఇప్పుడు ఆటలో ఆరితేరనివాడు చేయు పని చూడుడు. మూడు మంచి ముక్కలు చూపగానే ఒకటి తీసికొనును. మరల పోరు, మరల ఒకటి. మంచివాటిని చేర్చుకొనుటలో తప్పేమి యని అతని తలంపు. కట్ట ఇరువదికి చేరినప్పుడు ఆ ప్రాణప్రదమైన ముక్క మొదటి వంతున వచ్చు అవకాశము నాలుగింట ఒకటికి దిగును, నిశ్చయముగా రావలెనన్నచో నాలుగవ వంతు వఱకు ఆగవలెను. రెండు ముక్కలు కలిసి ఒకే చేతిలో పడిననే పని జరుగునట్టి జంట విషయమున ఈ నష్టము మరింత దారుణము: పదిముక్కల కట్టలో ఆ జంట మొదటి చేతికి వచ్చు అవకాశము తొమ్మిదింట రెండు పాళ్లు, ఇరువదింటిలో పందొమ్మిదింట ఒకటి మాత్రమే, ముప్పదిలో ఎనుబదియేడింట రెండు. కట్ట రెట్టింపైన, అవకాశము సుమారు నాలుగవ పాలికి పడిపోయినదన్నమాట. అందుచేతనే ఈ ఆట అంగడిలో ముక్కలు కొనుటకు వలెనే, ఉన్న ముక్కను తీసివేయించుకొనుటకును వెల చెల్లింపవలెను: మొదటిసారి 75 బంగారు నాణెములు, పిదప ప్రతిసారికిని మరి 25 అధికము. వద్దనుటయు, వదలుకొనుటయు విద్యగా చేసిన ఆటలు నేనెఱిగినంతలో బహుస్వల్పము.

ఈ రహస్యమును మన తెలుగునేలపై పుట్టిన ఒక వ్యాజ్యెము ఎన్నడో పట్టుకొన్నది. 1963 మే నెలలో సికిందరాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడువారిని పట్టుకొనగా, ఆ వివాదము మెట్టు మెట్టుగా పైకి పోయి 1967 నవంబరులో సుప్రీంకోర్టున తేలినది. మూడు ముక్కలాట కేవలము అదృష్టమనియు, రమ్మీ అట్లు కాదనియు, అందు ఏ ముక్కలు పడినవో జ్ఞాపకముంచుకొని, దేనిని పట్టుకొనవలెనో దేనిని పారవేయవలెనో నిర్ణయించుటకు నైపుణ్యము కావలెననియు జస్టిస్ హిదయతుల్లా తేల్చిచెప్పిరి. ఒక్క లెక్కయు వేయక, కట్టకు గతము కలదను గణితసత్యమును న్యాయస్థానము పేకాట బల్లమీదనే కనుగొనుట నాకు మిక్కిలి ముచ్చట గొలిపిన విషయము. 2025 చట్టము ఈ సొగసైన ప్రశ్ననే అడుగుట మానివేసినది. డబ్బున్నదా లేదా అనునంతటితో దాని ఆసక్తి సరి. పాలకులకు అది సుకరమే కావచ్చును, నాకు మాత్రము కొఱతగానే యున్నది.

అయితే ఈ లెక్కలన్నియు కట్ట సరిగా కలిసినదను నమ్మకముపై నిలిచినవి. తిరుమల ఆర్జితసేవలకై ఎలక్ట్రానిక్ డిప్‌లో పేరు నమోదు చేసి ఫలితమునకై ఎదురుచూచిన కుటుంబములు కోకొల్లలుగా గల తిరుపతి వారికి, యంత్రము చేయు ఎంపికను నమ్ముట యన ఏమియో నేను వివరింపనక్కఱలేదు. చేతితో కలుపుట సైతము మనము తలంచునంత సులువు గాదు: కట్టను రెండుగా విడదీసి చిటపటలాడించుచు ఒకదానిలోనొకటి జొనుపు పద్ధతిలో 52 ముక్కలు చక్కగా కలియుటకు ఏడుమార్లు కావలెనని డేవ్ బేయర్, పెర్సీ డయకోనిస్ 1992లో నిరూపించిరి, మనవారు చేతిలో పట్టి గుత్తులు గుత్తులుగా జార్చు పద్ధతికైతే వేలకొలదిమార్లు అవసరము. పెండ్లిండ్లలో తెల్లవారులు సాగు పేకాటలలో ఒకనికే వరుసగా జోకరులు పడుటకు మంత్రతంత్రములు కారణము కానక్కఱలేదు.

యంత్రము వాడు పద్ధతి రొనాల్డ్ ఫిషర్, ఫ్రాంక్ యేట్స్ అను గణాంక శాస్త్రజ్ఞులు 1938లో ప్రకటించిన పట్టికల గ్రంథమున కలదు. 52 ముక్కలలో యాదృచ్ఛికముగా ఒకదానిని తీసి చివర పెట్టుము. మిగిలిన 51లో ఒకదానిని తీసి దాని ముందు పెట్టుము. పిదప 50లో ఒకటి. ఇట్లు ఒక్కటి మిగులువఱకు చేయుము. అంతే. ఒకమారు స్థానము కుదిరిన ముక్కను మరల ముట్టరాదు. ప్రతి వరుసయు ఒకే ఒక్క దారిన ఏర్పడును గనుక అన్ని వరుసలకును సమానావకాశము. ఆ గ్రంథము జూదరులకై వ్రాసినది కాదు, పొలములలో ప్రయోగములు చేయు వారికై వ్రాసినది. ఏ మడిలో ఏ విత్తనము వేయవలెనను నిర్ణయమును మనుష్యుని చేతికి విడిచిపెట్టినచో, తెలియకయే మంచి నేలను తనకు ఇష్టమైన విత్తనమునకు ఇచ్చునని ఫిషర్ భయము. నారాయణి, ధరణి వంటి వేరుశనగ రకములను వెలువరించిన తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము వంటి చోట్ల, విత్తన రకములను పోల్చునప్పుడు మడులను కలిపి పంచు విద్యకు మూలము ఇదే. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివి, 1946లో కేంబ్రిడ్జికి పోయి ఈ ఫిషర్ వద్దనే పరిశోధన చేసిన మన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, నూఱేండ్లు దాటిన వయసులో 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారము నందినారు. పేకముక్కలనుండి శనక్కాయలకు, శనక్కాయలనుండి కేంబ్రిడ్జికి దారి ఇంత దగ్గఱ.

ఇంత సులభమైన పద్ధతిని చెడగొట్టినవారు లేకపోలేదు. తఱచుగా చేయు తప్పు, ప్రతి స్థానమందలి ముక్కను మిగిలినవాటితో కాక మొత్తము కట్టలోని ఏదో ఒకదానితో మార్చుట. చూపునకు ఇంకను బాగుగా కలిపినట్లే యుండును. మూడు ముక్కలతో పరీక్షింపుడు: ఆసు, రాజు, రాణి. ఈ తప్పు పద్ధతిలో దారులు 27, ఏర్పడగల వరుసలు 6. ఇరువదియేడును ఆరుగురికి సమముగా పంచుట బ్రహ్మకైనను శక్యముగాదు గనుక మూడు వరుసలకు అయిదేసి, మూడింటికి నాలుగేసి దారులు దక్కును. 1999లో ఏఎస్‌ఎఫ్ అను సంస్థ, ఆన్‌లైన్ పోకరులో తాను నిజాయితీగా కలుపుచున్నానని చాటుటకు తన కలుపు విధిని తానే బహిరంగముగా ప్రకటించెను. పరిశోధకులు చూడగా ఈ తప్పును, దానిపై మరి కొన్నియు బయటపడినవి. కలుపుటకు మూలమైన అంకె అర్ధరాత్రినుండి గడచిన మిల్లీసెకనుల లెక్క. రోజుకు అవి 8,64,00,000 మాత్రమే. గడియారమును సరిపోల్చుకొనిన వారికి శోధింపవలసినవి రెండు లక్షలకు దిగెను. తమ చేతి రెండు ముక్కలును, బల్లపై తెఱచిన మూడును తెలిసినంతనే ఎదుటివాని చేయి యావత్తు తెలిసిపోయెను. యంత్రమును నిందింపనేల? 1969 డిసెంబరు 1న అమెరికాలో సైన్యమునకు యువకులను చీటీలు తీసి ఎన్నుకొనినప్పుడు, నెలవారీగా పెట్టెలో పోసిన గుళికలను చాలినంత కలుపకపోవుటచే సంవత్సరాంతమున పుట్టినవారి తేదీలు ముందుగా పైకి వచ్చినవి. వియత్నాం యుద్ధకాలమున ఆ లోపము వినోదము కాదు.

ఇక చిత్తూరు ప్రశ్నలోని ములుకు. యంత్రమునకు యాదృచ్ఛికత యనునది స్వభావసిద్ధముగా లేదు. సీడు అను ఒక్క అంకెనుండి లెక్క చేసి అంకెల వరుసను పుట్టించును, అవి చూచుటకు అస్తవ్యస్తముగా నుండును. ఈ విద్యకు ఆదిపురుషులలో ఒకడైన వాన్ న్యూమన్ సూచించిన పద్ధతి, అంకెను వర్గము చేసి నడిమి అంకెలను గ్రహించుట. 3792తో చేసి చూడుడు: వర్గము 1,43,79,264, నడిమి నాలుగు అంకెలు మరల 3792! గానుగెద్దు వలె అక్కడనే తిరుగును. నేటి పద్ధతులు ఇంత అమాయకములు కావు. స్లే ద స్పైర్ జావా భాషలో సిద్ధముగానున్న ఫిషర్–యేట్స్ విధిచేతనే కలుపును. గెలుచునది ఎవరను విచారము ఆ విధికి లేదు. కావున అది నటన కాదు, నిజమైన కలుపే.

నిజమైనదే గాని నిర్దోషము కాదు. ఆ జావా యంత్రాంగమునకు లోపల నుండు స్థితులు సుమారు 2.8 కోటి కోట్లు. 17 ముక్కల కట్టకు సాధ్యమగు వరుసలు సుమారు 3.56 కోటి కోట్లు. అనగా కట్ట పదునేడుకు చేరినంతనే, కల్పాంతము వఱకు ఆడినను ఎన్నటికిని రాని వరుసలు కొన్ని ఉండితీరును! ఆడువాని కంటికి ఇది ఆనదు. ఇంతకంటె చిక్కైనది మరియొకటి: కట్ట కలుపునట్టి అంకెల ధారయు, శత్రువుల ప్రాణబలమును నిర్ణయించు ధారయు ప్రతి అంతస్తునందును ఒకే సీడుతో ఆరంభమగును, స్వతంత్రములు కావలసిన ఘటనలు తెరవెనుక చేతులు కలుపుకొనినవన్నమాట. దీనిని తవ్వి తీసినవారు ఆటగాండ్రే.

ఆటగా దీని లోపములను దాచిపెట్టను. కట్టను పలుచన చేయుటయే విజయరహస్యమైనప్పుడు, ముక్కలన్నియు ఒకే వంతులో తిరిగి తిరిగి చేతికి వచ్చు అంతులేని చక్రములు ఏర్పడును. అంతటితో పోరు పోరుగా మిగులదు. గంటసేపు నడచిన ఆట చివర ఒక్క తప్పుతో బూడిదయగుట అందఱకును రుచింపదు. శత్రువు తలపై వాడు చేయబోవు పని ముందే చూపుట మాత్రము అద్భుతమైన కల్పన. రమ్మీలో ఎదుటివాని చేయి తెలిసినచో మోసమగును, ఇందు తెలిసియు గెలువలేకపోవుదుము.

ఆటయేదో జూదమేదో తేల్చుటలోని తికమక మన దేశమునకే పరిమితము కాదు. ఒక్కడే కూర్చుండి చేయగా 2024 ఫిబ్రవరిలో విడుదలైన ‘బలాట్రో’ అను పోకరు వేషపు ఆటకు, పైసా పందెము లేకున్నను, ఐరోపాలో ఆటలకు వయోపరిమితి నిర్ణయించువారు పదునెనిమిదేండ్లు నిండినవారికే యని ముద్రవేసి, మొఱపెట్టుకొనిన పిదప మరుసటి సంవత్సరము పండ్రెండునకు దించిరి.

ప్రయోజనమేమని అడుగువారికి ఒకటి చెప్పగలను. సీడు ఒకటే యైనచో ఆట ఒకటే. కుప్పములోనివాడును పలమనేరులోనివాడును ఒకే వీరుని ఎన్నుకొని ఒకే సీడు టైపు చేసినచో ఇరువురకును ఒకే దారి, ఒకే శత్రువులు, ఒకే ముక్కల ఎర. బ్రిడ్జి క్లబ్బులలో ఒకే పంపకమును బల్ల బల్లకు త్రిప్పి అదృష్టమును తొలగించు డూప్లికేటు పద్ధతి ఇచ్చట ఖర్చు లేకయే లభించుచున్నది. ఆటలో ప్రతిదినము లోకమంతటికిని ఒకే సీడు నిచ్చు పోటీయును కలదు. ఇంతటి సమపరీక్ష చేతికందిన పిల్లలు చేయుచున్నదేమనగా, ఏ సీడులో మొదటి అంతస్తుననే మంచి సరకు దొరకునో వెదకి, ఆ అంకెను స్నేహితులకు రహస్యముగా పంపుకొనుట.