‘దాని డ్యామేజ్ ఎంత, సార్?’

విదురాశ్వత్థంలో అమరవీరుల స్తూపం దగ్గర పిల్లలను కూర్చోబెట్టి 1938 నాటి సంగతి చెబుతున్నాం. ఆ ఏడాది ఏప్రిల్ 25న ఇక్కడ జెండా సత్యాగ్రహానికి వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. అప్పుడు ఈ ఊరు మన కోలారు జిల్లాలోనే ఉండేది. 2007లో చిక్కబళ్లాపుర జిల్లా విడిపోయాక గౌరిబిదనూరు తాలూకాతో పాటు అటు వెళ్లింది. చనిపోయినవారు ముప్పై మందికి పైనే అని ఊళ్లో చెబుతారు. అప్పటి సర్కారు లెక్క అంతకన్నా చాలా తక్కువ.

తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు చెయ్యెత్తాడు. ‘పోలీసుల దగ్గర ఏ గన్ సార్?’ అన్నాడు. ఆ కాలంలో బ్రిటిష్ ఇండియా సైన్యం వాడింది .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ అని చెప్పాం. వాడు వెంటనే, ‘దాని డ్యామేజ్ ఎంత, సార్?’ అని అడిగాడు.

పక్కనున్న పిల్లలెవరూ నవ్వలేదు. వాళ్లకూ అది మామూలు ప్రశ్నే. మాకు మాత్రం నోట మాట రాలేదు. వాడు తుంటరి కాదు, మనసు లేనివాడూ కాదు. తనకు తెలిసిన కొలతతో తెలియని దాన్ని కొలవబోయాడు, అంతే. ఫోన్‌లో ఆడే బీజీఎంఐలో ప్రతి తుపాకికీ ఒక డ్యామేజ్ అంకె ఉంటుంది. ఎదుటి ఆటగాడి ప్రాణం 100. ఏకేఎం ఒక దెబ్బకు అందులో నలభై చిల్లర తీస్తుంది. కార్98కే డెబ్బై పైన తీస్తుంది. తలకు తగిలితే లెక్క వేరు. ఈ అంకెలు ఎక్కాల కంటే బాగా వచ్చిన పిల్లలు మన తరగతుల్లో ఉన్నారు.

బడికి తిరిగొచ్చాక మేము ఒక నిర్ణయానికి వచ్చాం. ఫోన్ ముట్టుకోవద్దని కేకలేసి లాభం లేదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించింది. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 జులైలో దాన్నీ యాప్ స్టోర్ల నుంచి తీసేశారు. 2023 మేలో మళ్లీ వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ మీద నిషేధం పడింది. ఇన్ని నిషేధాల మధ్య కూడా పిల్లలు ఆట మానలేదు, ఒక ఆట నుంచి మరో ఆటకు మారారు. అందుకని పిల్లలకు ఇంత బాగా తెలిసిన విషయాన్నే నల్లబల్ల మీదికి తెచ్చాం. మూడు పీరియడ్లు పట్టింది. ఏ ఆటలో తుపాకి నిజానికి ఎంత దగ్గర, ఎంత దూరం అన్నదే పాఠం.

తూటా ఎంతసేపట్లో వస్తుంది?

మొదటి లెక్క వేగం. ఏకేఎం తూటా గొట్టం వదిలేటప్పుడు సెకనుకు దాదాపు 715 మీటర్ల వేగంతో ఉంటుంది. శబ్దం వేగం సెకనుకు 340 మీటర్లు. 340 మీటర్ల దూరంలో ఉన్నవాడి దగ్గరికి తూటా, గాలి నిరోధం వదిలేస్తే, అర సెకనులో చేరుతుంది. పేలిన చప్పుడు చేరడానికి ఒక సెకను. అంటే తగిలిన తర్వాతే వినబడుతుంది. ఈ మాట చెప్పగానే తరగతి నిశ్శబ్దమైంది. ఆటలో చప్పుడు విని పక్కకు దూకడం వాళ్లకు అలవాటు మరి.

అర సెకనులో తూటా కిందికి ఎంత దిగుతుంది? చేతిలోంచి జారిన రాయికీ తూటాకీ భూమి ఆకర్షణ ఒక్కటే. 9.8ని అర సెకను వర్గంతో గుణించి సగం చేస్తే సుమారు 1.2 మీటర్లు. గుండెకు గురిపెడితే పాదాల దగ్గరికి పోతుందన్నమాట. గాలి అడ్డును కూడా కలిపితే ఇంకా దిగుతుంది.

ఇక్కడ ఆటల మధ్య తేడా తెలుస్తుంది. పెద్ద పిల్లలు, మన కాలేజీ కుర్రాళ్లు ఇంటర్నెట్ సెంటర్లలో ఆడిన కౌంటర్-స్ట్రైక్‌లో తూటాకు ప్రయాణమే లేదు. మీట నొక్కిన క్షణంలోనే తగులుతుంది. బీజీఎంఐలో తూటాకు వేగం ఉంది, దూరం పోయేకొద్దీ కిందికి దిగడమూ ఉంది. ఆ ఒక్క విషయంలో అది నిజానికి దగ్గర. చెక్ రిపబ్లిక్‌కు చెందిన బొహీమియా ఇంటరాక్టివ్ తయారుచేసిన ఆర్మా ఇంకో మెట్టు పైన ఉంటుంది. అందులో బరువు మోస్తూ పరిగెత్తిన సిపాయికి ఆయాసం వస్తుంది, చేతులు వణుకుతాయి, గురి తప్పుతుంది. ఆ కంపెనీ సాంకేతికతతోనే పుట్టిన వీబీఎస్ అనే శిక్షణ సాఫ్ట్‌వేర్‌ను అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా సైన్యాలు వాడాయి.

7.62 అన్నీ ఒకటి కావు

రెండో లెక్క కొలతలది. బీజీఎంఐలో 7.62 అని రాసిన తూటాలు ఏరుకుంటే ఏకేఎంకూ పనికొస్తాయి, ఎస్ఎల్ఆర్‌కూ, ఎం24కూ, మోసిన్‌కూ, కార్98కేకూ పనికొస్తాయి. నిజంలో అలా కుదరదు. 7.62 అనేది మిల్లీమీటర్లలో గొట్టం వ్యాసం మాత్రమే. తూటా వెనక మందు ఉండే గుల్ల పొడవు వేరువేరుగా ఉంటుంది. ఏకేఎంకు 39 మిల్లీమీటర్లు, ఎస్ఎల్ఆర్‌కూ ఎం24కూ 51, మోసిన్‌కు 54. కార్98కే అయితే అసలు 7.62 కాదు, 7.92. ఒకదాని తూటా మరోదానిలో పెట్టలేం. వ్యాసం ఒకటైనంత మాత్రాన రెండు స్థూపాలు సమానం కావన్న పాఠం ఆ రోజు ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

పిల్లలు ఇష్టపడే ఎం416 జర్మనీ కంపెనీ హెక్లర్ అండ్ కోఖ్ వారి హెచ్‌కే416కు నకలు. దాని తూటా 5.56. మన సైన్యం వాడిన ఇన్సాస్ కొలతా అదే. ఇన్సాస్‌కు ముందు మన జవాన్ల చేతిలో ఉన్నది ఆటలో కనబడే ఎస్ఎల్ఆర్ వంశమే. బందోబస్తు పోలీసుల భుజాన దాన్ని చూసిన పిల్లలూ ఉన్నారు.

బరువు, మందు, పెనం

మూడో లెక్క బరువు. ఖాళీ ఏకేఎం మూడు కిలోల పైన ఉంటుంది. ఒక్కో తూటా సుమారు 16 గ్రాములు. ఆటలో 200 తూటాలు సంచిలో వేసుకుంటారు. అంటే 3.2 కిలోలు. దాని మీద ఇంకో తుపాకి, గ్రెనేడ్లు, హెల్మెట్, కవచం. ఇన్ని మోస్తూ ఆటలోని మనిషి కొండలెక్కి, గోడలు దూకి, నీళ్లలో ఈదుతాడు. పుస్తకాల సంచితో రెండో అంతస్తు ఎక్కి వచ్చి ‘ఉస్సు’రంటున్న పిల్లలే ఇది విని నవ్వారు.

వీపుకు కట్టుకున్న పెనం తూటాను ఆపుతుందా అని ఒక అమ్మాయి అడిగింది. ఆటలో ఆపుతుంది. ఏకేఎం తూటా శక్తి సుమారు 2,000 జౌళ్లు. 20 కిలోల బియ్యం బస్తా 10 మీటర్ల ఎత్తు నుంచి పడితే వచ్చే శక్తి అంత. అదంతా చిటికెన వేలికన్నా సన్నని మొన మీద పడితే అమ్మ దోసెలు పోసే పెనం ఏమవుతుందో పిల్లలే చెప్పారు.

ఇక దెబ్బ తగిలాక జరిగేది. ఆటలో ఫస్ట్ ఎయిడ్ కిట్ వాడితే 6 సెకన్లలో ప్రాణం 75కు చేరుతుంది. మెడ్ కిట్ అయితే 8 సెకన్లలో 100. మీద ఒక ఎనర్జీ డ్రింక్ తాగితే సరి. మన ఊళ్లలో బైకు మీంచి పడి కాలు విరిగినవాడు ఎన్ని నెలలు మంచం మీద ఉన్నాడో ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆ లెక్కన తూటా దెబ్బ ఎన్ని నెలలు, ఎన్ని వేలు, ఇంట్లో ఎంతమంది పని మానుకోవాలి? ఆట అడగని ఈ ప్రశ్నను మేము అడిగాం. ఎంత నిజంగా ఉందని పేరుపడ్డ ఆటైనా తుపాకిని కొలుస్తుంది. తగిలినవాడిని కొలవదు.

కోలారుకు పేలుడు కొత్త కాదు

కేజీఎఫ్ పిల్లలకు ఇది ఇంట్లోవాళ్లు చెప్పగలిగిన పాఠం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా మూడు కిలోమీటర్లకు పైగా లోతున రాయి పగలగొట్టింది మందుగుండుతోనే. పేల్చిన చోటికి పొగ పోకుండా వెళ్లకూడదని, రాయి తనంతట తాను పగిలి మీదపడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుందని గనిలో పనిచేసిన తాతలకు తెలుసు. చెవులు మందగించిన తాతలు, రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు చెడిన తాతలు మన వీధుల్లో ఉన్నారు. ఆటలో గ్రెనేడ్ విసిరిన మరుక్షణం అందులోకే పరిగెత్తే మనవడికి ఆ తాత దగ్గర ఒక గంట కూర్చుంటే చాలు.

ఇంకా వెనక్కి వెళ్తే హైదర్ అలీ పుట్టింది బంగారుపేట తాలూకా బూదికోటలో. ఇనుప గొట్టాల్లో మందు కూరి వదిలిన మైసూరు రాకెట్లను చూసే ఇంగ్లీషువాళ్లు తమ కాంగ్రీవ్ రాకెట్లు తయారు చేసుకున్నారు. మన తుపాకి అనే మాట తుర్కీ వైపు నుంచి వచ్చింది. ఫిరంగి అంటే మొదట ‘ఫ్రాంకులది’, అంటే ఐరోపావాళ్లది అని అర్థం. ఆటలో పేర్లన్నీ ఇంగ్లీషులో పలికే పిల్లలతో తుపాకి, గొట్టం, మడమ, తూటా, గుల్ల అని తెలుగులో బొమ్మ గీసి పేర్లు రాయించాం. తెలుగు పీరియడ్‌కు కూడా పని దొరికింది.

2022 ఏప్రిల్ 14న వచ్చిన ‘కేజీఎఫ్ చాప్టర్ 2’ గురించి అడగకుండా ఉంటారా? పోలీసు స్టేషన్‌ను మెషిన్ గన్‌తో తూట్లు పొడిచి, ఎర్రగా కాలిన గొట్టంతో హీరో సిగరెట్ ముట్టించుకోవడం అందరూ చూసిందే. ఆగకుండా కాలిస్తే గొట్టం బాగా వేడెక్కే మాట నిజం. అందుకే సైన్యంలో మెషిన్ గన్‌కు అదనపు గొట్టం ఉంచుకుని మారుస్తారు. మిగతాది సినిమా.

ఆట బొమ్మ, యుద్ధం వార్త

ఈ పాఠం వల్ల మేము ఊహించని మేలు ఒకటి జరిగింది. యుద్ధం వార్తలు వచ్చినప్పుడల్లా ఆర్మా ఆటలోని దృశ్యాలను నిజమైన దాడులంటూ పంచుకోవడం ఎక్కువైంది. 2022 నవంబరులో ఆ కంపెనీయే ఇలాంటి వీడియోలను ఎలా గుర్తుపట్టాలో వివరించింది. 2025 మేలో ఇండియా, పాకిస్తాన్ ఘర్షణ రోజుల్లోనూ ఆట వీడియోలు మన ఫోన్లలో తిరిగాయి. వీటిని పెద్దల కంటే పిల్లలే ముందు పట్టుకుంటున్నారు. కంపెనీ చెప్పిన గుర్తులు తేలికైనవే. బొమ్మ మసకగా ఉంటుంది, రాత్రిపూట తీసినట్టు చీకటిగా ఉంటుంది, చప్పుడు ఉండదు, మనుషులు కదిలే తీరు సహజంగా ఉండదు. ఇంట్లో అలాంటి వీడియో వస్తే ముందుకు పంపే ముందు పిల్లవాడికి చూపించండి.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

మొదటిది, ఆట కొనసాగితే కొలతతో కొనసాగాలి. 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటలే అని బీజీఎంఐ తిరిగి వచ్చినప్పుడు నిబంధన పెట్టారు. మీ ఫోన్‌లో పిల్లవాడు మీ వయసుతో ఖాతా తెరిచి ఉంటే ఆ నిబంధన పనిచేయదు. ఒకసారి చూసుకోండి. మూడు గంటలు కూడా బడి ఉన్న రోజున చాలా ఎక్కువ అని మా అభిప్రాయం.

రెండోది, తుపాకి రంగు మార్చడానికి డబ్బు అడుగుతారు. రంగు మారినంత మాత్రాన తూటా బరువు, వేగం మారవని ఇప్పుడు మన పిల్లలే చెప్పగలరు. యూపీఐ పిన్ మాత్రం వాళ్లకు చెప్పకండి.

మూడోది, హెడ్‌ఫోన్ చప్పుడు తగ్గించమనండి. నిజమైన రైఫిల్ చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది కాబట్టే జవాన్లు గురి నేర్చుకునేటప్పుడు చెవులకు రక్షణ పెట్టుకుంటారు.

నాలుగోది అన్నింటికన్నా ముఖ్యం. వారానికి ఒకసారి పక్కన కూర్చుని, ‘ఈ తుపాకి సంగతి చెప్పు’ అని అడగండి. చెప్పనివ్వండి. తర్వాత, ‘తగిలినవాడు ఇంటికి ఎట్లా పోతాడు?’ అని ఒక్క ప్రశ్న వేయండి.

పాఠం చివర ఒక పట్టిక నింపమన్నాం. తుపాకి పేరు, తూటా కొలత, వేగం, బరువు, డ్యామేజ్ అని గడులు. విదురాశ్వత్థంలో ప్రశ్న అడిగిన పిల్లవాడు .303 వరుసలో అన్నీ సరిగ్గా రాశాడు. తూటా 11.3 గ్రాములు, వేగం సుమారు 744 మీటర్లు, శక్తి 3,100 జౌళ్ల పైన. డ్యామేజ్ గడిని మాత్రం ఖాళీగా వదిలాడు. ఎందుకని అడిగితే, ‘అక్కడ స్తూపం ఉంది కద సార్’ అన్నాడు. మేము మార్కులు తగ్గించలేదు.

ఆ కాల్పుల తర్వాత పటేల్, కృపలానీ మైసూరుకు వచ్చి మాట్లాడారు. సంస్థానం జెండాతో పాటు కాంగ్రెస్ జెండా కూడా ఎగరేయడానికి అదే ఏడాది మేలో ఒప్పుకున్నారు. ఏప్రిల్ 25 ఎలాగూ వేసవి సెలవుల్లో వస్తుంది. హిందూపురం వైపు చుట్టాలింటికి వెళ్లేవారు దారిలో విదురాశ్వత్థంలో ఒక గంట ఆగండి. పిల్లల చేతిలో ఫోన్ ఉన్నా ఫర్వాలేదు. స్తూపం దగ్గర కాసేపు మీరే తీసి పెట్టుకోండి.