పేదల అధికారి శంకరన్

కలెక్టర్ కావాలని మనలో చాలామంది అనుకుంటాం. అయ్యాక ఏం చేయాలో ఎస్.ఆర్. శంకరన్ జీవితం చెబుతుంది.

ఆయన 1934లో తమిళనాడులో అప్పటి తంజావూరు జిల్లాలో పుట్టారు. ఐ.ఏ.ఎస్. అధికారిగా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి నెల్లూరు కలెక్టర్‌గా, తర్వాత సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా పనిచేశారు.

ఆ రోజుల్లో అప్పు తీర్చలేని పేదలు తరతరాలుగా ఆసాముల ఇళ్లలో వెట్టిచాకిరి చేసేవారు. 1976 నాటి చట్టం వారిని విడిపించింది, ఆ అప్పులనూ రద్దు చేసింది. కానీ చదువురాని కూలీకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? శంకరన్ స్వయంగా ఊళ్లకు వెళ్లి, ఇక ఆ బాకీ కట్టనక్కరలేదని వాళ్లకు చెప్పారు. ఇది పెద్దలకు నచ్చలేదు. ఆయన రాష్ట్రం విడిచి త్రిపుర వెళ్లి, అక్కడ ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు.

1992లో పదవీ విరమణ చేశాక పాకీపని నిర్మూలనకు కృషి చేశారు. పెళ్లి చేసుకోలేదు, తన సంపాదనతో పేదపిల్లలను చదివించారు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో కన్నుమూశారు.

చట్టం పుస్తకంలో ఉంటే చాలదు. దాన్ని పేదవాడి గడప దాకా తీసుకెళ్లడమే అధికారి పని.