పెసర మొలిచాక మాడిపోతోందా? మట్టిలో గడ్డిమందు ఉందేమో ఇలా చూసుకోండి

పై వీడియోలో రెండు కుండీలు చూశారు కదా. రెండింట్లోనూ ఒకే పెసర విత్తనం, ఒకే నీళ్లు. ఒకదాంట్లో మొక్కలు పచ్చగా ఉన్నాయి, ఇంకోదాంట్లో మాడిపోయాయి. తేడా అంతా మట్టిదే.

పోయిన యాసంగిలో రెండెకరాలు కౌలుకు తీసుకుని పెసర వేశాను. కౌలు డబ్బు ముందే కట్టేశాను. విత్తనాలకు బీజామృతం పట్టించాను, మొలక బ్రహ్మాండంగా వచ్చింది. రెండు వారాలు దాటేసరికి కింది ఆకుల అంచులు పసుపు తిరిగి, కాలినట్టు ఎండిపోయాయి. తెగులేమో అనుకుని పుల్లటి మజ్జిగ కొట్టాను. ఏం లాభం లేదు. అంతకుముందు ఆ చేను చేసిన పెద్దాయన్ని అడిగితే అప్పుడు బయటపడింది. "మక్కకు గడ్డిమందు కొట్టినం తమ్మీ. గడ్డి ఆగకపోతే ఇంకోసారి కొట్టినం" అన్నాడు.

ఆయన కొట్టింది అట్రాజిన్. ఈ మందు విత్తనం మొలవకుండా ఆపదు, మనం మోసపోయేది అక్కడే. మొలక మొదట్లో గింజ బద్దల్లో దాచుకున్న తిండితోనే పెరుగుతుంది. ఆకులు విచ్చుకుని ఎండతో సొంతంగా ఆహారం తయారు చేసుకునే వేళకు, వేళ్ల గుండా ఎక్కిన మందు ఆ పనిని అడ్డుకుంటుంది. నీటితో పాటు ఆకుల అంచులకు చేరుతుంది కాబట్టి అక్కడే ముందు మాడుతుంది. మొక్కజొన్న, జొన్న, చెరకు దీన్ని తమలోనే విరిచేసుకోగలవు. పెసర, మినుము, దోసకు ఆ శక్తి లేదు.

నేలలో ఎన్నాళ్లుంటుందో ఒకే లెక్క చెప్పలేం. తేమ, వెచ్చదనం ఉంటే సూక్ష్మజీవులు త్వరగా విరగ్గొడతాయి. పొడి నేలల్లో, క్షార గుణం ఉన్న నేలల్లో ఎక్కువ కాలం నిలుస్తుంది. భూగర్భ జలాల్లోకీ దిగుతుంది. ఆ కారణంతోనే 2004లో యూరోపియన్ యూనియన్ దీనికి అనుమతి ఇవ్వలేదు.

ఇక పరీక్ష. చేనులో ఐదారు చోట్ల జానెడు లోతు వరకు మట్టి తీసి కలిపి ఒక కుండీ నింపండి. మందు ఎప్పుడూ పడని చోటు నుంచి అదే రకం మట్టి ఇంకో కుండీకి. పదేసి పెసర గింజలు వేయండి. దోస అయినా పర్వాలేదు. నీళ్లు అడుగు నుంచి కారిపోయేంత పోయొద్దు, మందు కూడా కడుక్కుపోతే పరీక్షే తప్పుతుంది. మూడు వారాలు ఆగండి. వారానికే బాగున్నాయని సంబరపడొద్దు.

జీవామృతం పోస్తే మందు వెంటనే పోతుందని కొందరంటారు. నేనైతే అలా చెప్పను. నేనూ పోస్తున్నాను, ఆచ్ఛాదన కప్పి తేమ నిలుపుతున్నాను, కానీ అది కొన్ని నెలల పని. ఈలోగా ఆ చేనులో జొన్న వేశాను. మళ్లీ పెసర వేసేది కుండీలో మొక్క నిలబడ్డాకే.

ఇప్పుడు కౌలుకు నేల చూడ్డానికి వెళ్తే, డబ్బు ఇవ్వకముందే ఒక సంచి మట్టి ఇంటికి తెచ్చుకుంటున్నాను. ఇరవై ఒకటో రోజు కుండీలు ఎలా ఉన్నాయో వీడియో చివర్లో ఉంది, చూడండి.