ఇంటి నుండి అంతర్జాల వ్యాపారము

కాసిపేట మండలమున సింగరేణి గనులును, దేవాపూర్‌లో సిమెంటు కర్మాగారమును కలవు. అయినను చదివిన వారందరికీ అచట కొలువు దొరకదు. కావున ఇంట మామిడి తొక్కు పెట్టి అంతర్జాలము ద్వారా అమ్ముదమను ఆలోచన మంచిదే. 2016లో యూపీఐ వచ్చిన పిదప దూరపు కొనుగోలుదారుని సొమ్ము క్షణములో చేరుచున్నది. 2020 జూలై 1 నుండి ఉద్యమ్ నమోదు ఉచితముగా లభించుచున్నది. తినుబండారము గనుక 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద నమోదును, పరరాష్ట్రమునకు అమ్మినచో జీఎస్టీ నమోదును తప్పవు.

అయితే అసలు మెలకువ లెక్కలో నున్నదని మేము చెప్పదలచితిమి. ఉదాహరణకు సీసా ధర 300 రూపాయలనుకొందము. దినుసులకు 180, సీసాకు, పెట్టెకు 30, తపాలాకు 60 పోగా మిగులునది 30. పదింటిలో ఒక్క సీసా దారిలో పగిలి, సొమ్ము తిరిగి ఇయ్యవలసి వచ్చినచో నష్టము 270. తక్కిన తొమ్మిదింటి లాభమును సరిగా 270! చేతికి మిగిలినది శూన్యము. మన శ్రమకు కూలి వేసికొననే లేదు.

గని కార్మికుడు దాచిన జీతమే పెట్టుబడియైన ఇంట ఇది చిన్న మాట కాదు. ముందు పది సీసాలే పంపి, ప్రతి పైసాయు పుస్తకమున వ్రాసి, లెక్క నిలిచిన పిదపనే వందకు పోవలెనని మా విన్నపము.