నల్లమల యడవులు: హక్కులును, రక్షణయు

మార్కాపురము, గిద్దలూరు సీమల రైతులకు నల్లమల పరాయిది కాదు. గుండ్లకమ్మ యా కొండలలో బుట్టి కంభము చెరువును నింపుచున్నది. పశువుల మేత, నాగటికర్ర, పొలమునకు పచ్చాకు, పొయ్యిలోనికి కట్టెలు తరతరములుగా నా యడవినుండియే వచ్చెను. అడవిని కాపాడవలెనని వీరికి నొరులుపదేశింప బనిలేదు. ఎవరు, ఎవరికొరకు కాపాడవలెననునదే ప్రశ్నము.

ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలోనుండిన కాలమున, 1882వ సంవత్సరపు మద్రాసు అటవీ చట్టము దానికి తన సమాధానము చెప్పెను. ప్రభుత్వమువారు హద్దులు ప్రకటింతురు. ప్రజలు గడువులోపల తమ హక్కులను అధికారి యెదుట చెప్పుకొనవలెను. చెప్పుకొననివారి హక్కులు హరించును. తాతలనాటినుండి తేనె దీసిన కొండకు చెంచువాడు దస్తావేజు నెచ్చటనుండి తెచ్చును? వింత యేమన, ఈ యడవులు గ్రామముల యెల్లలలోనివే యనియు, వానిపై ప్రజలకు అనాదినుండి యుమ్మడి హక్కులు కలవనియు 1871లో మద్రాసు రెవిన్యూ బోర్డువారే యొప్పుకొనియుండిరి. పదునొకండేండ్లకే యా హక్కులు సర్కారు దయాధర్మములైనవి. మేతకు పుల్లరి, మీరినవారికి జరిమానా వచ్చినవి.

అడవులు తరుగుటకు రైతు గొడ్డలి యొక్కటే కారణమా? రైలుపట్టాల క్రింది దూలములకును, ఇంజనుల కట్టెలకును దక్షిణదేశమున నెన్ని వనములు కూలెనో చరిత్ర చెప్పుచున్నది. నేరములో పాలుగొన్న ప్రభుత్వమే న్యాయాధిపతియై కూర్చుండెను. పొరుగున పల్నాటిలో 1921-22 సంవత్సరములందు రైతులు పుల్లరి నిరాకరించిరి. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలియయ్యెను.

స్వతంత్ర భారతమున 1967లో క్రొత్త అటవీ చట్టము వచ్చినను, రిజర్వు పద్ధతి మారలేదు. 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము మాత్రము పాత యన్యాయము నంగీకరించి, హక్కుల విచారణను గ్రామసభనుండి యారంభింప జేసినది. హక్కుతోపాటు అడవిని కాపాడు బాధ్యతయు దానియందే కలదు. దుంగలమ్ముకొను వర్తకుని లోభమున కది ముసుగు కారాదు.

కొండపైని చెట్టు పోయినచో వాననీరు నిలువదు, చెరువు పూడును. ఈ సంగతి యాయకట్టు రైతుకు దెలిసినట్లు మరెవరికి దెలియును? కావున చెంచుల హక్కుపత్రము పరుల గొడవయని మన భూస్వాములును, పట్టణవాసులును ఊరకుండరాదు. గ్రామసభలో వారి పక్షమున మాటాడుట తమ చెరువును తాము కాపాడుకొనుటయే యని మా విశ్వాసము.