సార్స్ తగ్గాక ఆసుపత్రుల్లో మిగిలినది

మహమ్మారి కాలంలో వైద్య సిబ్బంది పడే మానసిక వేదనను రోగం సోకుతుందన్న భయానికీ, డ్యూటీల భారానికీ మాత్రమే ముడిపెట్టడం పరిపాటి. అయితే ఆ వేదనలో కొంత భాగం వ్యాధి సమసిపోయిన తర్వాత కూడా నిలిచే ఉంటుందని, దాని తీవ్రత వ్యక్తి మనోబలం మీదే కాక ఆసుపత్రి నడిచే తీరు మీద కూడా ఆధారపడుతుందని 2003 నాటి సార్స్ అనే శ్వాసకోశ అంటువ్యాధి అనుభవం చెబుతుంది.

ఆ ఏడాది కెనడాలోని టొరంటోలో సార్స్ ప్రధానంగా ఆసుపత్రుల్లోనే వ్యాపించింది. దేశంలో దానికి బలైన 44 మందిలో ఇద్దరు నర్సులు, ఒక వైద్యుడు ఉన్నారు. వ్యాధి ముగిసిన 13 నుంచి 26 నెలల తర్వాత పరిశోధకులు సార్స్ రోగులకు చికిత్స చేసిన టొరంటో ఆసుపత్రుల సిబ్బందిని, అటువంటి రోగులు రాని హామిల్టన్ నగర ఆసుపత్రుల సిబ్బందితో పోల్చి చూశారు. మనసు పూర్తిగా అలసిపోయి, రోగుల పట్ల స్పందన మొద్దుబారి, చేసే పనికి ఫలితం లేదనిపించే స్థితిని బర్న్‌అవుట్ అంటారు. దాని లక్షణాలు టొరంటోలో సుమారు 30 శాతం మందిలో, హామిల్టన్‌లో 19 శాతం మందిలో కనిపించాయి. తమకు తగిన శిక్షణ, రక్షణ, అండ లభించాయని భావించినవారిలో మాత్రం ఈ ప్రభావం తక్కువగా ఉంది.

కోవిడ్ కాలంలో బర్న్‌అవుట్‌కు ‘నైతిక గాయం’ అనే మరో భావన తోడైంది. వియత్నాం యుద్ధంలో పాల్గొన్న సైనికులకు చికిత్స చేసిన అమెరికన్ మనోవైద్యుడు జోనాథన్ షే ప్రచారంలోకి తెచ్చిన ఈ భావన, సరైనదని తెలిసిన పనిని చేయలేని పరిస్థితిలో చిక్కుకున్నవారిలో మిగిలే అపరాధభావాన్ని, సిగ్గును, తమను ఆ స్థితిలోకి నెట్టిన వ్యవస్థపై పుట్టే అవిశ్వాసాన్ని సూచిస్తుంది. 2021 మేలో తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది రోగులు మరణించారు. చికిత్స ఏమిటో తెలిసీ అందించే సాధనం లేకపోవడమనే స్థితి ఎటువంటిదో ఇటువంటి ఘటనలను బట్టి ఊహించవచ్చు. టీకా వచ్చాక భయం తగ్గవచ్చు గాని, ఈ గాయానికి టీకాతో సంబంధం లేదు. వైద్య సిబ్బందిని చప్పట్లు కొట్టి అభినందించిన మన దేశంలోనే, రోగం అంటుతుందన్న భయంతో వైద్యులను అద్దె ఇళ్లు ఖాళీ చేయమనడం ఆ అవిశ్వాసాన్ని మరింత పెంచి ఉంటుందనడంలో ఆశ్చర్యం లేదు.

ఇటువంటి మానసిక గాయాల చికిత్స విషయంలో ఒక మంచి ఉద్దేశం బెడిసికొట్టింది. విషాద ఘటన జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి జరిగినదంతా ఒకే విడతలో చెప్పించే ‘డీబ్రీఫింగ్’ పద్ధతి తదనంతర మానసిక రుగ్మతలను నివారించదని, కొందరికి హాని కూడా చేయవచ్చని పరీక్షలలో తేలింది. అందువల్ల విశ్రాంతి, స్పష్టమైన సమాచారం, పైఅధికారి పలకరింపు వంటి సాదా ఏర్పాట్లకే నిపుణులు ప్రాధాన్యమిస్తున్నారు.

అయితే సహాయం కోరడానికే వైద్యులు వెనుకాడుతారు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల లైసెన్సు దరఖాస్తులు మానసిక చికిత్స చరిత్రను అడగడం అందుకు ఒక కారణం. 2020 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్న న్యూయార్క్ వైద్యురాలు లోర్నా బ్రీన్ పేరిట 2022 మార్చిలో వచ్చిన చట్టం సిబ్బంది మానసిక ఆరోగ్య కార్యక్రమాలకు నిధులు కల్పించింది గాని, దరఖాస్తుల్లోని ఆ ప్రశ్నలను మార్చే అధికారం మాత్రం ఆయా రాష్ట్రాల బోర్డులకే ఉంది.