చిన్న కార్యాలయపు నెట్‌వర్క్‌లో పేరు దొరకని సమస్య: కారణాలు, పరీక్షలు

వ్యాససంగ్రహం: చిన్న కార్యాలయాల్లో ‘నెట్ పనిచేయడం లేదు’ అని చెప్పే సందర్భాల్లో కొన్ని నిజానికి తీగల దోషాలు కావు, పేరుకు తగిన చిరునామా దొరకకపోవడం వల్ల కలిగేవి. ‘జవాబు రాలేదు’, ‘లేదని జవాబు వచ్చింది’ అనే రెంటికీ గల భేదాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: డీఎన్ఎస్, ఐపీ చిరునామా, రౌటర్, క్యాష్, ఏటికొప్పాక.

ప్రవేశిక

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంకుడుకర్రతో చేసే ఈ బొమ్మలు నేడు అంగళ్లతోపాటు ఆన్‌లైన్‌లోనూ అమ్ముడవుతున్నాయి. ఆ ఊళ్లో ఆర్డర్లు చూసే ఒక చిన్న కార్యాలయాన్ని ఉదాహరణగా ఊహించవచ్చు: నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఒక రౌటర్. బిల్లులన్నీ ఆంగ్లాక్షరాల్లో ‘లెక్కలు’ అని పేరు పెట్టిన కంప్యూటర్‌లో ఉన్నాయి. ఒక ఉదయం మిగిలిన మూడింటికీ ‘లెక్కలు’ కనబడదు. పార్సిల్ బండి వచ్చే వేళకు బిల్లు అచ్చు కాకపోతే సరుకు ఆగిపోతుంది. నర్సీపట్నం నుంచి మెకానిక్ వచ్చేదాకా ఆగాలా, లేక దోషమెక్కడో అక్కడివారే తేల్చుకోగలరా అన్నది ప్రశ్న.

పేరు, సంఖ్య

కంప్యూటర్లు ఒకదాన్నొకటి చేరేది సంఖ్యలతో. పేర్లు మనుషుల సౌకర్యం కోసం. ఆర్పానెట్ తొలినాళ్లలో పేర్ల పట్టిక అంతా ఒకే ఫైలుగా ఒకేచోట నిర్వహించేవారు. పేర్లు పెరిగి అది మోయలేని భారమయ్యాక, 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్ఎస్ పద్ధతిని రూపొందించాడు. పాత పట్టిక మాత్రం పూర్తిగా పోలేదు; ‘హోస్ట్స్’ అనే ఫైలుగా నేటికీ ప్రతి కంప్యూటర్‌లో మిగిలి ఉంది.

అందువల్ల మొదటి పరీక్ష సంఖ్యతోనే చేయాలి. ‘లెక్కలు’ చిరునామా 192.168.1.10 అయితే, ఆ సంఖ్యతో దాని ఫోల్డర్ తెరిచి చూడాలి. తెరుచుకుంటే దారి బాగున్నట్టే. దోషం పేరులో ఉంది. ఇక్కడ పింగ్ ఒక్కదాన్నే నమ్మరాదు. ఫైర్‌వాల్ పింగ్‌కు జవాబివ్వనీయకపోయినా కంప్యూటర్ నిక్షేపంగా పనిచేస్తుండవచ్చు. కంప్యూటర్ తన చిరునామాను 169.254తో మొదలయ్యే సంఖ్యగా చూపితే, రౌటర్ నుంచి దానికి చిరునామానే అందలేదని అర్థం. అప్పుడు పేరు సంగతి విచారించడం వృథా.

ఎవరిని అడిగింది?

అసలు చిక్కు ఇక్కడుంది. ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ అనే ఆదేశమిస్తే కంప్యూటర్ ఏ డీఎన్ఎస్ సర్వర్లను అడుగుతుందో తెలుస్తుంది. చాలా కార్యాలయాల్లో మొదటి గడిలో రౌటర్ చిరునామా, రెండో గడిలో 8.8.8.8 వంటి బహిరంగ సర్వర్ కనబడతాయి. మొదటిది ఆగిపోతే రెండోది ఆదుకుంటుందని, ‘నెట్ త్వరగా వస్తుంది’ అని ఎవరో సదుద్దేశంతో చేర్చినదే. బయటి వెబ్‌సైట్ల వరకు అది నిజమే. కానీ ‘లెక్కలు’ ఎవరో ఊరి రౌటర్‌కు తెలుసు, బయటి సర్వర్‌కు తెలియదు. రౌటర్ జవాబివ్వడంలో ఒక్క క్షణం ఆలస్యమైతే ప్రశ్న రెండోదానికి వెళుతుంది. అది ‘అట్టి పేరు లేదు’ అంటుంది. మౌనంగా ఉండిపోతే కంప్యూటర్ మరొకరిని అడిగేది. ‘లేదు’ అన్నది కూడా జవాబే గనుక డీఎన్ఎస్ విచారణ అంతటితో ముగుస్తుంది. ఉదయం కనబడిన పేరు మధ్యాహ్నం మాయమై, సాయంత్రం తిరిగి రావడానికి ఇదొక ముఖ్య కారణం.

విండోస్‌లో దీనిని కప్పిపుచ్చే ఏర్పాటొకటి ఉంది. డీఎన్ఎస్‌లో దొరకని పొట్టి పేరును అది పక్క కంప్యూటర్లకు కేకవేసి అడుగుతుంది. నెట్‌వర్క్‌ను ‘పబ్లిక్’గా గుర్తించినచోట సాధారణంగా ఆ కేక వినబడదు. ‘ఎన్‌ఎస్‌లుకప్’లో దొరకని పేరు పింగ్‌లో దొరకడానికీ కారణమిదే: మొదటిది నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌నే అడుగుతుంది, రెండోది హోస్ట్స్ ఫైలు, క్యాష్, కేక అన్నింటినీ వాడుకుంటుంది.

సరిదిద్దే పద్ధతి

రెండో గడిలోని బహిరంగ సర్వర్‌ను కంప్యూటర్ల నుంచి తొలగించి రౌటర్‌లోనే ఉంచితే, బయటి పేర్లను రౌటర్ అడిగి తెస్తుంది. తరువాత ‘ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్’ ఆదేశం అవసరం. ‘లేదు’ అనే జవాబును కూడా కంప్యూటర్ కొంతకాలం గుర్తుంచుకుంటుంది. ‘లెక్కలు’ చిరునామా మారకుండా రౌటర్‌లో కేటాయించడం మంచిది. హోస్ట్స్ ఫైలులో పేరు రాసుకోవడం ఆ పూట బండి దాటించడానికి చాలును. కానీ చిరునామా మారిన నాడు దోషం ఆ ఫైలులో ఉందని ఎవరికీ తోచదు.

ఇవన్నీ సరిగా ఉన్నా పేరు దొరకకపోతే వర్ణక్రమం చూడాలి. ఈ ఊరి పేరునే ఆంగ్లంలో కొందరు ‘ఇ’ అక్షరంతోనూ, కొందరు ‘వై’ అక్షరంతోనూ మొదలుపెడతారు. ఎలా రాసినా ఉత్తరాన్ని పోస్టుమాన్ చేరుస్తాడు. డీఎన్ఎస్‌కు అవి వేర్వేరు పేర్లు. ఒకదానికి చిరునామా ఉన్నా, రెండోదాన్ని అడిగితే ‘లేదు’ అనే చెబుతుంది.